కడిగేకొద్దీ మెరిసే పొర

పొర మందం తగ్గలేదు.

ఝాన్సీ కొలిచే పరికరాన్ని సున్నాకి తెచ్చి, దాని ముక్కుని అల్యూమినియం చెయ్యి మీద మరోచోట ఆనించింది. అక్కడా అంతే. ఇంకోచోటా అంతే. వేరెవరైనా అయితే సంతోషించి, సంతకం పెట్టి, టీ తాగడానికి వెళ్ళిపోయేవారు. ఆమె మాత్రం కుర్చీలో కూలబడి ఆ లేత నీలం మెరుపుకేసి చూస్తూ ఉండిపోయింది. పరీక్షల పనిలోనే తల నెరిసిన మనిషి ఆమె. చెడ్డ ఫలితం చూసి ఎన్నడూ బెదరలేదు. ఉండవలసినదానికన్నా బాగున్న ఫలితం కనిపిస్తేనే ఆమెకి గుబులు.

ఆ చెయ్యి గాలిడోలీది. రోడ్డు లేని కొండ ఊళ్ళ నుంచి నిండు చూలాళ్ళని, పాము కరిచినవాళ్ళని ఎత్తుకొచ్చి విశాఖ ఆసుపత్రిలో దింపే చిన్న వాహనం అది. నాలుగు అల్యూమినియం చేతులు, ఒక్కో చేతి చివర ఒక పంకా, మధ్యలో మంచం, పక్కన నర్సు కూర్చునే పీట. నడిపేవాళ్ళుండరు. అదే వెళ్తుంది, అదే వస్తుంది. మన్యంలో జబ్బు మనిషిని కర్రకు కట్టిన డోలీలో మోసుకొచ్చే రోజులు దీనితో పోయాయి కాబట్టి జనమే దానికి ఆ పేరు పెట్టారు. ఉన్నవి రెండు. పాతది ఒకటి, ఈ మధ్య వచ్చిన కొత్తది ఒకటి. రెండింటికీ మకాం భీమిలి దగ్గర సముద్రం పక్కనున్న షెడ్డు.

చిక్కంతా అక్కడే ఉంది. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. ఉప్పు అల్యూమినియాన్ని తింటుంది. పోనీ అని లోహం మీద రక్షణగా ఒక రసాయనపు పొర వేస్తే, ఆసుపత్రి నియమం ప్రకారం ప్రతి ప్రయాణం తరవాతా నెత్తురూ ఉమ్మనీరూ పోయేలా ఘాటైన క్షారపు నీళ్ళతో కడగాలి. కడిగిన ప్రతిసారీ పొర కాస్త కరిగిపోతుంది. అలా కరగని పొర కోసం ఝాన్సీ భర్త డాక్టర్ తవిటినాయుడు తన వయసంతా ధారపోశాడు. చివరికి కరగని పొర దొరకలేదు గానీ, కరిగినా మళ్ళీ కమ్ముకునే పొర దొరికింది.

ఝాన్సీ సూదితో ఆ చెయ్యి మీద ఒక గీత గీసి, దాని మీద ఉప్పునీటి చుక్క వేసి, సూక్ష్మదర్శినిలోంచి చూసింది. తెల్లటి గీత అంచులు కదిలాయి. పాల మీద మీగడ కట్టినట్టు రెండువైపుల నుంచీ నీలం పాకి వచ్చి గీతని మూసేసింది. ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే. కానీ ఆ నీలం గాలిలోంచి పుట్టదు. పక్కనున్న పొర కాస్త పల్చబడి, గాయానికి తనలోంచి ఇస్తుంది. అంటే కడిగేకొద్దీ పొర మొత్తం కొద్దికొద్దిగా పల్చబడాలి. ఏడాదికో, రెండేళ్ళకో మళ్ళీ వెయ్యాలి. లెక్క అది.

పాత గాలిడోలీ చెయ్యి మాత్రం కొత్తగా వచ్చిన రోజు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

"బాగుంటే కూడా బాధేనా నీకు?" అన్నాడు తవిటినాయుడు, ఆమె వెనక వచ్చి నిలబడి. ఇద్దరూ ఒకే విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాళ్ళు. అప్పటినుంచీ ఆమె అతన్ని 'నాయుడూ' అనే పిలుస్తుంది.

"పోయింది పోయినట్టు కనిపించాలి కదా నాయుడూ. మరి కనిపించదేం?"

"మనం అనుకున్నదానికన్నా గట్టిగా ఉందేమో."

"ఏమో అంటే సరిపోదు."

అతను నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు త్వరగా వచ్చి త్వరగా పోయిందని ఆమెకి అనిపించింది.

*

ఆమె మొదటి అనుమానం కడిగేవాళ్ళ మీద. కడిగితేనే కదా తగ్గేది? కడగకుండా తడిగుడ్డ పెట్టి వదిలేస్తున్నారేమో.

చెప్పాపెట్టకుండా షెడ్డుకి వెళ్ళింది. కడుగుడు పని చూసే ఎల్లాజీ అప్పుడే కొండ నుంచి దిగిన పాత గాలిడోలీ మీద నీళ్ళు కొడుతున్నాడు. ఆమెని చూసి పైపు కట్టేశాడు.

"ఏటి మేడమ్, ఇలగొచ్చినారు?"

"ఊరికే. మీ పని మీరు చేసుకోండి."

ఊరికే రాలేదని అతనికి తెలిసిపోయింది. చేతికి తొడుగులేసుకుని, బ్రష్షుని మందునీళ్ళలో ముంచి, నాలుగు చేతుల్నీ తోమాడు. అయ్యాక మంచినీళ్ళు కొట్టాడు. తోముతున్నంతసేపూ ఆమె పక్కనే నిలబడి చూసింది. చివరికి బ్రష్షు బకెట్లో పడేసి అన్నాడు.

"కడక్కండా ఒగ్గేత్తన్నామని ఎవులైనా సెప్పినారా? నా కోడల్ని కూడా ఇందులోనే తెచ్చినారు మేడమ్. నానెందుకు ఒగ్గేత్తాను?"

ఝాన్సీ "లేదు లేదు" అని గొణిగి, కడిగిన నీళ్ళు ఒక సీసాలో పట్టుకుని బయటపడింది. తిరిగొచ్చేటప్పుడు కారు అద్దంలో చూస్తే అతను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

ఆ నీళ్ళని ల్యాబులో పరీక్షిస్తే అందులో పొర పదార్థం ఉంది. కొద్దిగా కాదు, బాగానే ఉంది. అంటే ప్రతి కడుగుడికీ పొర కరిగి కాలవలో పోతున్న మాట నిజం. పోతున్నా తగ్గడం లేదంటే, ఎవరో ఎక్కడినుంచో తెచ్చి మళ్ళీ వేస్తూ ఉండాలి.

ఆ పొరని వెయ్యడం వచ్చిన మనిషి ఒక్కడే. అతను ఈ మధ్య ఆదివారాలు స్నేహితుడి ఇంటికని చెప్పి ఎక్కడికో వెళ్తున్నాడు.

*

అనుమానం ఇంట్లోకి వస్తే మొదట పోయేది భోజనం రుచి. ఆ శుక్రవారం వంజరం పులుసు చేసింది ఝాన్సీ. ముగ్గురూ తింటున్నారు. కూతురు లాస్య నర్సు. గాలిడోలీలో రోగి పక్కన కూర్చుని వచ్చే ఉద్యోగం. రోజూ కొండలెక్కి దిగే పిల్ల కాబట్టి ఆకలెక్కువ. ముక్క మీద ముక్క వేసుకుంటూ చెప్పింది.

"నన్ను కొత్త డోలీకి మార్చేశారమ్మా. హాయిగా ఉంది, కుదుపే లేదు. పాతదాంట్లో ఇకనుంచి సుగుణక్క ఎక్కుతుంది."

"అడిగావా?"

"నేనెందుకు అడుగుతాను? నాన్న చెప్పారట కదా మా ఇన్‌ఛార్జికి. నాకూ తరవాతే తెలిసింది."

తవిటినాయుడు పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. ముల్లు తీస్తున్న వేళ్ళు మాత్రం ఆగిపోయాయి.

"కొత్తదాని మీద నర్సుల అభిప్రాయం కావాలన్నారు. అందుకని చెప్పాను," అన్నాడు.

లాస్య సరేనని మరో ముద్ద కలుపుకుంది. ఝాన్సీ మాత్రం అతని వేళ్ళకేసే చూసింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో అతను కూతురి ఉద్యోగం విషయంలో ఎవరికీ ఒక్క మాట చెప్పిన మనిషి కాదు. స్కూల్లో సీటు కోసం కూడా ఎవర్నీ అడగలేదు. అలాంటివాడు ఇప్పుడు అడిగాడు. పాతదాంట్లోంచి తన బిడ్డని తీయించాడు. ఆ పీట మీద ఇంకొకరి బిడ్డ కూర్చుంది.



*

ఆదివారం అతను వెళ్ళిన కాసేపటికి ఆమె కూడా బయలుదేరింది. స్నేహితుడి ఇంటివైపు కాదు, తిన్నగా షెడ్డుకి. మధ్యాహ్నపు ఎండలో సముద్రం కళ్ళు మిరుమిట్లు గొలుపుతోంది. గేటు దగ్గర అతని బండి ఉంది.

తవిటినాయుడు పాత గాలిడోలీ కింద పడుకుని ఉన్నాడు. చెయ్యి, నడిమి చట్రం కలిసే కీలు దగ్గర బోల్టు ఒకటి విప్పి పక్కన పెట్టాడు. ఆ సందులో గుడ్డ దూర్చి తుడుస్తున్నాడు. గుడ్డ నిండా తెల్లటి పొడి. ఝాన్సీ అనుకున్నట్టు అక్కడ పొర వేసే సామగ్రి ఏమీ లేదు. ఒక పానా, ఒక గుడ్డ, అంతే.

"ఏమిటది?" అంది.

అతను ఉలిక్కిపడి లేవబోతే తల చట్రానికి తగిలింది.

"కడుగుడు మందు. సందుల్లో దిగి ఎండిపోతోంది. వాళ్ళకి సరిగ్గా మంచినీళ్ళు కొట్టడం రాదు."

"ఎల్లాజీ కొట్టడం నేను కళ్ళారా చూశాను."

గుడ్డ అందుకుని ఆ పొడిని రెండు వేళ్ళ మధ్య నలిపింది. మందు అయితే జారాలి. ఇది గరగరలాడింది. సీసాలో నీళ్ళు అరచేతిలో పోసుకుని పొడి కలిపి రుద్దింది. నురగ రాలేదు. తెల్లగా, సున్నపు నీళ్ళలా ఉండిపోయింది.

అది మందు కాదు, ఉప్పుగాలి తినేసిన అల్యూమినియం.

ఝాన్సీ వంగి, బోల్టు తీసిన రంధ్రంలోకి టార్చి వేసింది. బయట చెయ్యి పొడుగునా ఆకాశం లాంటి నీలం. లోపల ఒక్క చుక్క నీలం లేదు. బోసి లోహం, దాని మీద బొల్లి మచ్చల్లా తెల్లటి గుంటలు. ఒక్క క్షణంలో ఆమెకంతా అర్థమైపోయింది. ఎవరూ తెచ్చి వెయ్యలేదు. బ్రష్షు తగిలే బయటి భాగం కరిగిన ప్రతిసారీ పొర తనంతట తానే, బ్రష్షు తగలని సందుల్లోంచి బయటికి పాకుతోంది. ఎంత కడిగితే లోపల అంత ఖాళీ. తాము ల్యాబులో పరీక్షించినవన్నీ చదును రేకులు. వాటికి కీళ్ళు లేవు, సందులు లేవు. పాకి రావడానికి లోపలంటూ ఏమీ లేదు. అందుకే అవి అనుకున్నట్టే అంతటా సమానంగా పల్చబడ్డాయి, ప్రతిసారీ నెగ్గాయి.

"నీకెప్పటినుంచి తెలుసు?"

"తెలియదు. అనుమానం అంతే. పైపైన పట్టిందో, లోతుగా తిన్నదో..."

"కోసి చూడొచ్చుగా?"

"కోస్తే చెయ్యి పోతుంది. ఇంకో చెయ్యి వచ్చేదాకా డోలీ ఆగుతుంది. వచ్చే నెల మన్యం అంతటికీ వీటిని ఇవ్వాలా వద్దా అని చూడ్డానికి పైఅధికారులు వస్తున్నారు. ఒక్క నెల ఝాన్సీ. ఈలోగా నేనేదో ఒక మార్గం..."

"రుజువు లేదని డోలీ ఆపలేదు. మరి లాస్యని దించడానికి నీకు అనుమానం సరిపోయిందా?"

అతను విప్పిన బోల్టు చేతిలోకి తీసుకున్నాడు.

"సుగుణకి ఇద్దరు పిల్లలు నాయుడూ."

"వానలు మొదలయ్యాయి," అన్నాడు అతను. "ఇది ఆగితే కొండ మీద వాళ్ళు ఎలా దిగుతారో ఆలోచించావా? నాకు నిద్ర పట్టనిది పేరు కోసం కాదు. ఎగరకపోతే చచ్చిపోయేవాళ్ళు ఖాయంగా ఉన్నారు. ఎగిరితే ఏమో, ఏమీ కాకపోవచ్చు."

ఆ మాటలో నిజం ఉంది. అందుకే ఆమెకి మరీ కోపం వచ్చింది. అయినా పరీక్షల అధికారిగా తన చేతిలో ఉన్న పని ఆమె చేసేసింది. అక్కడినుంచే ఫోను చేసి రెండు గాలిడోలీలనీ ఇక ఎగరనివ్వొద్దంది. కొత్తదాని మీద ఉన్నదీ అదే పొర.

*

కోయడానికి అనుమతి రావాలంటే పెద్దవాళ్ళంతా కూర్చోవాలి. వాళ్ళు కూర్చునేలోపు కొండల మీద వాన కూర్చుంది.

పనసగొంది అనే ఊళ్ళో వంతాల కాసులమ్మకి నొప్పులొచ్చాయి. ఆశ కార్యకర్త గాలిడోలీ కోసం కబురు చేసింది. రాదన్నారు. మగవాళ్ళు కర్రకి దుప్పటి కట్టి, పాత పద్ధతిలోనే ఆమెని మోసుకుని పొంగుతున్న గెడ్డ వాగు దాటించారు. అవతల జీపు బురదలో దిగబడింది. లాస్యని ఆసుపత్రి వాళ్ళు జీపుకి ఎదురు పంపారు. ఆమె చేరేసరికి కాసులమ్మ బతికే ఉంది. బిడ్డ లేడు.

లాస్య ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పలేదు. బట్టల నిండా బురద. ఝాన్సీ ఎదురెళ్తే చెయ్యి అడ్డం పెట్టింది.

"బాగున్నదాన్ని ఆపేశావు. మొన్నటిదాకా పూర్తిగా బాగున్నదాన్ని. నీకు నాన్న మీద అనుమానం, ఎల్లాజీ మామ మీద అనుమానం, అందరి మీదా అనుమానం. నీ అనుమానం కింద పడి ఒక పసివాడు పోయాడమ్మా. నేను వెళ్ళేసరికే..."

లాస్య గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఝాన్సీ వంటింట్లో నేల మీద కూర్చుండిపోయింది. తన పొరపాటే అయితే? ఆ తెలుపు పైపైదే అయితే? గుంటలు గోటితో గీకితే పోయేవే అయితే? ఇన్నాళ్ళూ లోకం మీద తిప్పిన టార్చి ఇప్పుడు తన మొహం మీద పడినట్టయింది. తవిటినాయుడు వచ్చి పక్కన చతికిలబడ్డాడు. ఓదార్చలేదు, ఎత్తిపొడవలేదు.

"రేపు నేనే కోస్తాను," అన్నాడు. "అనుమతి లేకపోయినా."

*

మర్నాడు ఉదయం పాత గాలిడోలీ చేతిని అతనే విప్పి ల్యాబుకి తెచ్చాడు. లాస్యని కూడా రమ్మన్నాడు. ఆమె గుమ్మం దగ్గరే గోడకి ఆనుకుని నిలబడింది.

ముందు బరువు పెట్టారు. కోయకముందే తేల్చాల్సింది అది. చేతిని పరీక్ష యంత్రం పట్టులో బిగించాక, గాల్లో రోగితో ఎగిరేటప్పుడు పడేంత దాకా యంత్రం బరువుని కొద్దికొద్దిగా పెంచసాగింది. ఝాన్సీ తెర మీద అంకెలు చూస్తోంది. తవిటినాయుడు అంకెలు చూడటం లేదు, కీలు వైపే చూస్తున్నాడు. సగం బరువు పడిందో లేదో, ఎండుకొమ్మ విరిగినట్టు టక్కుమంది. చెయ్యి రెండైంది.

తరవాత తవిటినాయుడు విరిగిన చోటు నుంచి రంపంతో పొడుగునా కోసి, రెండు చెక్కల్ని బల్ల మీద తెరిచి పెట్టాడు. లోపల చెదలు పట్టిన దూలంలా ఉంది. వేలు పెడితే తెల్లగా రాలింది. బయటివైపు మాత్రం నీలం నిగనిగలాడుతోంది. కోతకి లేచిన అంచు మీదికి అప్పుడే ఆ నీలం పాకుతోంది కూడా.

లాస్య దగ్గరకొచ్చింది. ఆ చెక్కని చాలాసేపు చూసింది.

"ఆపకపోతే సుగుణక్క వెళ్ళేది పనసగొందికి," అంది. "ఇందులోనే. కాసులమ్మని ఎక్కించుకుని."

అటుతరవాత తండ్రి వైపు తిరిగింది.

"నన్ను అందుకేనా మార్చావు నాన్నా?"

తవిటినాయుడు తల ఊపాడు. కూతురు ఏదైనా అంటుందని ఎదురుచూశాడు. ఆమె బయటికి నడిచింది. తల్లికి క్షమాపణ చెప్పలేదు. చెప్పాల్సిన పని ఉందని ఝాన్సీకీ అనిపించలేదు. డోలీ ఆగడం సరైనదే. బిడ్డ పోవడమూ నిజమే. ఒకటి రెండోదాన్ని చెరిపెయ్యలేదు.

విచారణలో తవిటినాయుడు ఏదీ దాచలేదు. తెల్లపొడిని ఎన్నిసార్లు తుడిచాడో, కూతుర్ని ఎందుకు మార్పించాడో అన్నీ చెప్పాడు. అతన్ని ల్యాబు పెద్ద పదవి నుంచి తీసేశారు. అతని పొరని పక్కన పెట్టారు. దాని బదులు పాతకాలపు మామూలు పొరకే తిరిగి వచ్చారు. అది కమ్ముకోదు, పాకదు. ఎక్కడ పోతే అక్కడ పోయినట్టు కనిపిస్తుంది. కడగడానికి క్షారం తగ్గించిన మెత్తటి మందు వెతకడం ఝాన్సీ పనైంది. క్రిములు చావాలి, లోహం బతకాలి. నెలల తరబడి ఆ పనిలోనే మునిగిపోయింది. ఏ కీలు విప్పాలో, దేన్ని ఏ గుడ్డతో తుడవాలో ఎల్లాజీతో కలిసి తేల్చింది. మొదటిరోజు అతనికి చెప్పాల్సిన మాట కూడా అప్పుడే చెప్పింది. "తప్పయిపోయింది ఎల్లాజీ గారూ." అతను "పోన్లెండి మేడమ్" అన్నాడు గానీ, చాలాకాలం ఆమె ముందు తోముతున్నప్పుడు అవసరానికి మించి గట్టిగా తోమేవాడు.

*

పనసగొందికి వెళ్ళాలన్న ఆలోచన ఝాన్సీది. తవిటినాయుడు తనూ వస్తానన్నాడు.

"రా. కానీ చెప్పేది నువ్వే," అంది.

వానలు వెనకబట్టాక లాస్యతో కలిసి ముగ్గురూ జీపులో వెళ్ళి, గెడ్డ దాటి నడిచారు. కాసులమ్మ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని చింతపిక్కలు కొడుతోంది. లాస్యని గుర్తుపట్టి చాప వేసింది. పక్కన ఆమె అత్త.

తవిటినాయుడు చాప మీద కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. తను చేసిన వస్తువు లోపల పుచ్చిపోయిందని, తనకి ముందే అనుమానం తగిలినా పైకి చెప్పలేదని, చెప్పి ఉంటే వానలు రాకముందే బాగుచేసి ఉండేవాళ్ళమని. చెబుతున్నంతసేపూ అతని చేతులు ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి. కాసులమ్మ చింతపిక్కలు కొట్టడం ఆపి విన్నది. ఏడవలేదు.

"అయితే ముందే సెప్పుంటే నా బిడ్డుండును," అంది.

"ఉండేవాడేమో," అన్నాడతను.

"ఏమో కాదు బాబూ. ఉండును."

అతను తల దించుకున్నాడు. "ఉండేవాడు" అన్నాడు.

కాసులమ్మ అత్త అడిగింది. "మల్లీ తెత్తారా దాన్ని?"

"తెస్తాం," అంది ఝాన్సీ.

"మమ్మల్నెక్కమంటే ఎక్కం. ముందు మీరెక్కి రండి. సూత్తాం."

శీతాకాలం ఎండలు పడ్డాక గాలిడోలీ మళ్ళీ పనసగొందిలో దిగింది. మంచం మీద తవిటినాయుడు, నర్సు పీట మీద ఝాన్సీ. పంకాలు ఆగి, దుమ్ము అణిగేదాకా ఊరంతా దూరంగా నిలబడింది. ఒక్కరూ దగ్గరికి రాలేదు. చివరికి కాసులమ్మ వచ్చింది. డోలీ చుట్టూ ఒకసారి తిరిగింది. చేతుల మీది ఆ మసకబారిన, ఏ మెరుపూ లేని పొరని వేలితో రాసి చూసింది. కీలు దగ్గర ఆగింది.

"ఇప్పు," అంది.

తవిటినాయుడు పానా తీసి, నేల మీద మోకరిల్లి, బోల్టు విప్పాడు. కాసులమ్మ పక్కనే గొంతుకూర్చుని ఆ చీకటి రంధ్రంలోకి ఒక కన్ను మూసి చూసింది. చాలాసేపు చూసింది.

కాసులమ్మ లేచి, చీర దులుపుకుంది.

"ఇక్కడ సూడ్డమైంది," అంది. "మిగతా మూడూ ఇప్పు."